గొడుగు పట్టిన దిక్కు

ఆ చైనా పెద్దాయన బొమ్మ గీస్తుంటే గొడుగు పట్టింది నేను. ఆఫీసులో ఈ సంగతి ఎవరూ అడగలేదు. అడగకపోయినా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ పరదేశంలో, చాండ్లర్ అనే ఊరు దాటాక ఎడారి మొదలయ్యే చోట, అక్కడి చైనా కుటుంబాల సంఘం ఒక తోట వేసి, దానికొక విజిటర్ సెంటర్ కట్టించాలనుకుంది. కట్టడం వాళ్ళ పద్ధతిలో ఉండాలి, ఈ రాళ్ళలో, ఈ ముళ్ళచెట్లలో కలిసిపోవాలి. పని మా చిన్న ఆఫీసుకి వచ్చింది. నేనక్కడ డ్రాయింగులు గీసేవాణ్ణి. డిగ్రీ లేదు. మన దేశంలో ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసింగ్ కాగితాల మీద కాలవలు దిద్ది నేర్చుకున్న చెయ్యి నాది. చదువు లేనివాడి కళ్ళు కూడా ఏమీ చదవలేవనుకుంటారు ఇక్కడ. అక్కడా అలాగే అనుకునేవారు.

సంఘం వాళ్ళు రప్పించిన ఆ పెద్దాయన తోటల మేస్త్రీ. రాయి పేర్చడం ఆయన విద్య. ఇంగ్లీషు రాదు. మూడు రోజులు స్థలమంతా కాళ్ళతోనే కొలిచాడు. తూర్పున ఒక ఎండిన వాగు ఉంది. అందులోకి దిగి, ఒక ముళ్ళచెట్టు కొమ్మల్లో ఇరుక్కున్న ఎండుపుల్లల్నీ, వాటి మధ్య ఉన్న పసిపిల్ల బూటునీ చాలాసేపు చూశాడు. బూటు నా ఛాతీ ఎత్తున ఉంది. ఆయన నా వైపు తిరిగి, అరచెయ్యి ఆ ఎత్తున అడ్డంగా పెట్టి తల ఊపాడు. మా ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది. ఏటి ఒడ్డున పుట్టినవాణ్ణి. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెట్టే చెబుతుందని నాకు తెలుసు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఒక బండ మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని గీశాడు. చలికాలపు ఎండ సూటిగా ఆయన కళ్ళలో పడుతుంటే, ఎదురుగా నిలబడి గొడుగు అడ్డం పెట్టాను. నాలుగు కుంచె గీతలు. నడుమ హాలు, ఒక పక్క సందు లేని మందపాటి రాతిగోడ, రెండో పక్క మనిషి పట్టే గుండ్రటి ద్వారం. అంతే. దిక్కు గుర్తు లేదు.

ఆయన వెళ్ళిపోయాడు. కాగితం స్కాన్ అయి నా కంప్యూటర్‌కి వచ్చింది. నేను పైభాగాన ఉత్తరం బాణం పెట్టాను, బతుకంతా ప్రతి కాగితానికీ పెట్టినట్టే. షీటు మూలన గీసినవాడి పొడి అక్షరాలు నావి.

ఆ బాణం ప్రకారం ప్లానులో గుండ్రటి ద్వారం తూర్పున వాగు వైపు తెరుచుకునేసరికి అందరూ మురిసిపోయారు. వాగంతా పటం కట్టినట్టుందన్నాడు మా బాస్. బయటి దృశ్యాన్ని తోటలోకి అరువు తెచ్చుకోవడం చైనావాళ్ళ పద్ధతే కదా, సంఘం వాళ్ళూ అదే అనుకున్నారు. పెద్దాయన అప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయనకి ఎవరూ చూపించలేదు.

మళ్ళీ చలికాలానికి గోడలు లేచాయి, ద్వారానికి పైరాయి కూర్చుంది. ఒక మధ్యాహ్నం సైటులో ఎండ కళ్ళలో పడి గొడుగు విప్పాను. చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ రోజు ఎండ ఆయన ముఖం మీద పడింది. చలికాలం మిట్టమధ్యాహ్నం ఎండ దక్షిణం నుంచి వస్తుంది, అంటే ఆయన దక్షిణానికి తిరిగి కూర్చున్నాడు. కాగితం పైఅంచు దక్షిణం. వాళ్ళ పాత పటాల్లో దక్షిణమే పైన ఉంటుంది. పెద్దపీట మీద కూర్చున్న రాజు దక్షిణానికి చూస్తాడు కనక. లైబ్రరీ పుస్తకంలో ఎప్పుడో చదివాను కూడా. చదివిందీ పనికిరాలేదు, చూసిందీ పనికిరాలేదు. ఆయన గోడ పెట్టింది వాగుకి అడ్డంగా. మేము దాన్ని తీసుకెళ్ళి పడమట కట్టి, వాగుకి తలుపు తెరిచాం.

ప్రాజెక్టు ఇంజనీరు వరంగల్ అమ్మాయి. వెంటనే ఆమెకి చెప్పాను.

"ఇప్పుడేం మొదలుపెట్టిన్రు అంకుల్! ఫ్లడ్ మోడల్ రన్ చేసినం కదా. వాటర్ ఆ రౌండ్ డోర్ దాకా రాదు. పర్మిట్ గూడ వచ్చింది."

"మీ మోడల్‌కి ఆ బూటు కనబడిందా అమ్మాయ్?"

తీసుకెళ్ళి చూపించాను. "గాలికొచ్చిన చెత్త అది," అని నవ్వింది. "మీకు వాగంటే భయం, నాకు హెచ్ఆర్ అంటే భయం." తర్వాత గొంతు తగ్గించింది. "వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉంది అంకుల్. కట్టింది కూలగొట్టాలంటే ఫస్ట్ నన్నే తీసేస్తరు. మీరు సిటిజన్. మీకేంది?"

గొడుగు మడిచి ఆఫీసుకి బయల్దేరాను.

బాస్‌కి ఉత్తరం రాశాను. బాణం పెట్టింది నేను, ఆ అమ్మాయికి సంబంధం లేదు, ద్వారం మూసేయండి అని. అతను నా భుజం తట్టి రెస్ట్ తీసుకోమన్నాడు. ఆ రెస్ట్ ఇంకా నడుస్తోంది. భుజం తట్టి పంపేవాడికంటే తిట్టి పంపేవాడు నయం, వాడు కనీసం విన్నాడు. సంఘానికీ రాశాను. నిపుణులు పరిశీలించారని మర్యాదగా జవాబొచ్చింది.

ప్రారంభం సరిగ్గా వానల నెలలో పెట్టారు. పదిమందిలో ఒకడిగా వెళ్ళాను. బడిపిల్లల పాటలకి బెంచీలు గుండ్రటి ద్వారం ముందే వేశారు, ఫొటోలో వెనక వాగు పడుతుందని. పిల్లలు కొన్నిటి మీద అప్పుడే కూర్చున్నారు. మా నెత్తిన ఎండ మండుతోంది. వాగు వచ్చే ఉత్తరపు కొండల మీద మాత్రం మబ్బు నల్లగా దిగింది. ఎవరూ అటు చూడలేదు. ఇక్కడ వాన లేదుగా! ద్వారం గడప మీద చీమలు గుడ్లు మోసుకుంటూ వాగులోంచి లోపలికి బారు కట్టాయి.

ఇంజనీరు అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. చీమల్ని చూసింది. చెట్టులో బూటుని చూసింది. అది ఇంకా అక్కడే ఉంది. ఏ గాలీ దాన్ని కదిలించలేదు.

"అంకుల్, ఆ రోజు ఆయన ఎటు మొఖం పెట్టి కూసున్నడు?"

గొడుగు విప్పి, ఆయన ఎదుట నిలబడ్డట్టే నిలబడ్డాను. నా వీపు దక్షిణానికి ఉంది.

ఆమె పడమటి గోడనీ, వాగు వైపు ద్వారాన్నీ మార్చి మార్చి చూసింది. వంగి ఒక ఖాళీ బెంచీ కొస పట్టుకుంది. "అటు కొస పట్టుండ్రి. హాల్ అరుగు మీదికి."

"మీ బాస్ చూస్తున్నాడు."

"చూడనీయ్‌రి."

అరుగు ఎత్తుగా ఉంది, అదొక్కటే దిక్కు. మొదటి బెంచీ ఎక్కించాం. బాస్ గబగబా మా వైపు వస్తున్నాడు. రెండో దానికోసం వెనక్కి దిగేసరికి ద్వారంలోంచి తడిమన్ను వాసన కొట్టింది. వాగులో ఇసుక చూస్తే ఇంకా పొడిగానే ఉంది. పైన ఎక్కడో రాళ్ళు దొర్లుతున్నట్టు సన్నటి చప్పుడు.

ఆమె బెంచీ మీద చెయ్యి వేసి నా వైపు చూసింది.

"బెంచీలు వదిలెయ్ అమ్మాయ్," అన్నాను. "పిల్లల్ని అరుగెక్కించు."