లెక్కలోకి రాని ఒక్కపొద్దులు

గని కూలీల ఇళ్ళ వరుసలైన మా లైన్లలో ఆడవాళ్ళను కొలిచినన్ని రకాలుగా గనిలో బంగారాన్ని కూడా కొలిచి ఉండరు. నేను బడికి పోయే రోజుల్లో ఎవరో కాటా పట్టుకుని వచ్చి తల్లుల బరువు, పిల్లల బరువు రాసుకుని పోయారు. కొన్నాళ్ళకు బరువు పాతబడి, జబ్బకు టేపు చుట్టడం మొదలైంది. ఆ తరువాత వేలికి సూది గుచ్చి రక్తం తీశారు. గని మూతపడ్డాక వచ్చినవాళ్ళు కాటా, టేపు, సూది ఏమీ తేలేదు, ప్రశ్నలు తెచ్చారు. ఇప్పుడు పరిశోధన అంతా ఇలాగే నడుస్తోందట, ఆకలి సంగతి మనిషి నోటితోనే చెప్పించాలట. వినడానికి బాగానే ఉంది. మావాళ్ళ నోరు ఎలాంటిదో వాళ్ళకు తెలియదు. తెలిసిన నేను కూడా బుద్ధి లేకుండా ఆ పనిలో చేరాను.

తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చని నన్ను తీసుకున్నారు. దగ్గర్లోని ఊరిగాంలో ఒక బడి గదిలో రెండు రోజులు శిక్షణ. బెంగళూరు నుంచి వచ్చిన అధికారి ఒక నియమాన్ని మరీ మరీ చెప్పాడు. ఇంట్లో తిండి లేక పూట మానితే 'అవును' అని రాయాలి. దేవుడి కోసం మానితే అది ఆకలి కిందికి రాదు, 'లేదు' అని రాసి తరువాతి ప్రశ్నకు పోవాలి. నేను బుద్ధిమంతురాలిలా తలూపి నోట్‌బుక్కులో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

ఇంటింటికీ తిరిగాను. పోయిన నెలలో తిండి లేక ఒక్క పూటైనా మానారా అని అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. అడగడమే తప్పన్నట్టు చూశారు. గనిలో దిగిన మనిషి ఇల్లు, ఆ ఇంట్లో తిండి లేదని పరాయివాళ్ళకు చెప్పుకుంటారా? ఒక్కపొద్దు ఉన్నామని మాత్రం అందరూ చెప్పారు. నేను అన్నిటికీ 'లేదు' అని రాసుకుంటూ పోయాను.

మా ఇల్లు కూడా జాబితాలో ఉంది. అమ్మ గడప దగ్గర కూర్చుని రాగులు చెరుగుతోంది. గని పోయాక నాన్న బెంగళూరులో వాచ్‌మన్ పని చూసుకుని, రోజూ తెల్లవారుజామున రైలుకు క్యారియర్ పట్టుకుని పోయేవాడు. అమ్మకు కూడా ప్రశ్న చదివి వినిపించాను.

"తిండి లేక కాదు. ఒక్కపొద్దు ఉండాను, అంతే," అంది.

ఏయే రోజులని అడిగితే వేళ్ళు మడిచింది. సోమవారం శివుడికి, మంగళవారం సుబ్రహ్మణ్యస్వామికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం ఏడుకొండలవాడికి. కన్న కూతురినై ఉండి కూడా నాకు ఏ అనుమానమూ రాలేదు. 'లేదు' అని రాసి కాగితం తిప్పాను.

కాగితాలు చూసి అధికారి సంతోషించాడు. ఇక్కడివాళ్ళకు భక్తి ఎక్కువ అన్నాడు. అదేదో మా ఊరి గొప్ప అయినట్టు నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తరువాతి మంగళవారం కొళాయి వరుసలో అమ్మ బిందెతో సహా కూలబడింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదు, ఎప్పుడు తిన్నావని అడిగింది. నిన్న సోమవారం కదా, దీపం పెట్టాక గుప్పెడు బొరుగులు తిన్నానంది అమ్మ. ఈ రోజు మంగళవారం కదా అని కూడా అంది. అప్పుడు వెలిగింది నాకు. గని నడిచినన్నాళ్ళూ మా అమ్మకు శనివారం ఒక్కటే ఒక్కపొద్దు. గని మూసిన ఏడాది సోమవారం వచ్చింది. మరుసటి ఏడాది శుక్రవారం. నాన్న రైలెక్కడం మొదలుపెట్టాక మంగళవారం.

ఇంటికి రాగానే నిలదీశాను. ఇన్ని ఒక్కపొద్దులు ఎవరి కోసమని అడిగాను.

"మీ నాయన దినమంతా నిలబడి పని చేస్తాడు. క్యారియర్‌లో సంగటి తక్కువైతే ఎట్లా? నువ్వు ఆకలని మాత్రం రాయొద్దమ్మా. దేవుడికనే ఉండనీ."

ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం సగం నా మీదే.

అధికారి దగ్గరికి పోయి ఇంకొక్క ప్రశ్న చేర్చమన్నాను. గని ఉన్నప్పుడు వారానికి ఎన్ని ఒక్కపొద్దులు, ఇప్పుడు ఎన్ని అని అడిగితే చాలన్నాను. కుదరదన్నాడు. అన్ని దేశాల్లోనూ ఇవే ప్రశ్నలట, మారిస్తే పోల్చలేరట. మా లైన్లను ఏ దేశంతో పోల్చాలనుకున్నారో నాకైతే అర్థం కాలేదు. మళ్ళీ ఇంటింటికీ పోయి నేనే అడిగి, కాగితాల అంచున పెన్సిలుతో రాసి ఇచ్చాను. అంచున రాసింది ఎక్కించడానికి కంప్యూటర్లో గడి లేదట. ఆ తరువాత అచ్చయిన పుస్తకంలో మా గురించి రెండే మాటలున్నాయి: ఆకలి కనబడలేదు, ఉపవాసాలు ఎక్కువ.

కొన్నాళ్ళకు నాకు బడిలో ఉద్యోగం దొరికింది. బియ్యం, పప్పు, గుడ్లు ఇంటికి రావడం మొదలైంది. మొదట మంగళవారం పోయింది, తరువాత శుక్రవారం, ఆ తరువాత సోమవారం. ఒక సోమవారం మధ్యాహ్నం అమ్మ నా పక్కనే కూర్చుని తింటుంటే ఉండబట్టలేక, శివుడికి కోపం రాదా అని అడిగాను.

అమ్మ నోట్లో ముద్ద మింగి నా వైపు చూసింది.

"శివుడా, ఆయప్పకు అప్పుడే తెలుసులేమ్మా. కాగితం పట్టుకొని వచ్చినావే, నీకే తెలీలేదు."