పెనం, పిణం

ఇనప పెనానికి నువ్వుల నూనె రాసి పొయ్యి మీద పెట్టినప్పుడు లేచే వాసనకు నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పుదుచ్చేరిలోని మా ఇంట్లో దాన్ని అందరం అరవంలో దోసెకల్లు అనేవాళ్లం. పెనం అనే మాటే నాకు తెలీదు. నాకు ఆరేళ్లప్పుడు, నెల్లూరు నుంచి వచ్చిన అమ్మమ్మ అమ్మతో అంటూంటే తలుపు చాటు నుంచి విన్నాను.

"పెనాన్ని రేపటిదాకా ఆ గదిలోనే ఉండనీ. బిడ్డని ముట్టుకోనీబాక. రేపు కడిగి, నూనె రాసి, బాగా కాల్చాల."

నా చెవికి అది పిణం. అరవంలో శవం. మాతోనే ఉండే నాన్న వైపు తాత కనబడక అప్పటికి రెండు రోజులు. పొలం పని మీద బాహూరు వెళ్లాడని నాకెవరూ చెప్పలేదు.

అమ్మమ్మ చూపించిన గదిలోకి వెళ్లి, మూలనున్న తొట్టి మీది గోనెపట్టా ఎత్తాను. పులిసిన గంజి వాసన. అడుగున నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. వేలికి చల్లగా తగిలింది.

"తాతను కాల్చొద్దు!" అని అరిచాను.

నేను ముట్టుకున్నది గంజిలో నానేసిన కొత్త పెనం. సంగతి తెలిసి అమ్మ పడీపడీ నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రమే తాత తిరిగొచ్చినా నా భయం పోలేదని ఆమెకు తెలుసు. మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గోరువెచ్చటి పెనానికి నా చేతే నూనె రాయించింది.

"ఏంది భయం, ఇనుమే కదా? నడిమి నుంచి అంచుల దాకా రాయి. మెల్లగా."

పోయినేడు అమ్మమ్మ పోయింది. చివరి స్నానానికి ముందు తలకు నూనె పెట్టమన్నారు. నడినెత్తి నుంచి చెవుల దాకా, మెల్లగా రాశాను. ఎంతసేపు రాసినా నా చేతి కింద వెచ్చబడలేదు.