తూముకు అటు చివర, ఇటు చివర

ఆ వేసవిలో మా అక్క కొడుకు వడమాలపేట నుంచి బస్సులో తిరుపతికి వచ్చి, చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి నా బల్ల మీద పరిచాడు. వాళ్ళ బోరు ఎండిపోయింది. మామిడితోట ఆకు వాల్చేసింది. రైలుకట్టకు అవతల ఉన్న అతని చిన్నాయన కొడుకు బోరులో మాత్రం నీళ్ళున్నాయి.

ఒక గట్టు తగాదా వల్ల ఆ అన్నదమ్ములిద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. ఒకరి చేలో ఒకరు కాలు పెట్టరు. ఊరి పెద్దలు కలగజేసుకుని, తమ్ముడు తన తొట్టిలో మిగిలిన నీళ్ళు అన్న తోటకు వదిలేటట్టు ఒప్పించారు. కట్ట కింద తూములో తండ్రుల కాలంనాటి పైపు ఇంకా ఉంది. తమ్ముడు పెట్టిన షరతు ఒకటే. ఇటువైపు మోటారు పెట్టి లాగకూడదు, పల్లానికి వాటంతట అవి పారినన్ని పారాలి.

అందుకని తేలవలసింది ఒక్కటి: తొట్టి కంటే తోట పల్లంలో ఉందా, మెరకలో ఉందా?

నేను ఉద్యోగమంతా కాలువలకు మట్టాలు తీస్తూ గడిపినవాణ్ణి. రిటైరయ్యాక ఉచితంగా దొరికే గణిత సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నాను. పొద్దున్నే డైరీ రాయడం, తరువాత కంప్యూటరు ముందు కూర్చోవడం నా అలవాటు. మావాడు అది తెలిసే వచ్చాడు.

కొలతలు మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో తీసినవి. ట్యూబు రెండు కొసలా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి, రెండు చోట్ల మధ్య ఎత్తు తేడా తెలుస్తుంది. అటువైపు తమ్ముడు తొట్టి నుంచి తూము మూతి దాకా కొలిపించాడు. ఇటువైపు అన్న తూము మూతి నుంచి తోట పైవరసల దాకా కొలిచాడు. ఇద్దరూ పనిమంతులే. ఒక్కో చోటును రెండు మూడు దారుల్లో కొలిచి సరిచూసుకున్నారు.

ప్రతి కొలతా ఒక సమీకరణం. తేడాలు మాత్రమే తెలిసినప్పుడు ఎక్కడో ఒకచోట సున్నా పెట్టుకోవాలి. తమ్ముడి వైపు తూము మూతిని సున్నా అనుకుని, సమీకరణాలన్నీ మాత్రికగా ఎక్కించి, మీట నొక్కాను. మాత్రిక సింగ్యులర్ అని హెచ్చరిక వచ్చింది. జవాబు రాలేదు.

"ఏమంటా ఉండాది మామా?"

"జవాబు ఒకటి కాదంటా ఉండాది."

"దానికి చేత కాలేదా, నీకు చేత కాలేదా?"

"ఇద్దరికీ కాలేదులేప్పా."

"ఇంకోటి ఏదన్నా నొక్కు మామా. ఎండలో ఇంత దూరం వచ్చినాను."

ఇంకొక ఆదేశం ఉంది. సరిపోయే జవాబులు లెక్కలేనన్ని ఉన్నప్పుడు, వాటిలో అంకెలన్నీ సున్నాకు వీలైనంత దగ్గరగా ఉండే జవాబును అది ఏరి ఇస్తుంది. అది నొక్కాను. ఈసారి హెచ్చరిక లేదు. తొట్టి ఆరడుగుల ఎత్తున, తోట పైవరసలు రెండడుగుల ఎత్తున ఉన్నట్టు చూపింది.

"నాలుగడుగుల పల్లం!" అంటూ మావాడు లేచి నిలబడ్డాడు. "రేపే కాలవ తవ్విస్తా. పై దాకా పైపు ఏసేస్తా."

"కూర్చోప్పా. మీ పక్క తూము మూతి ఎంతని చూపిస్తా ఉండాదో సూడు."

"సున్నాకు అయిదడుగులు కింద."

"అంటే అవతలి మూతి కంటే మీ మూతి అయిదడుగులు లోతు. వాన పడితే తూములో నీళ్ళు ఎట్ల పోతాయి?"

"మా పక్కనించి ఆ పక్కకు." అని ఆగిపోయాడు. "మరి ఇదెట్ల?"

ఇటువైపు ఎత్తులన్నిటికీ ఒకే అంకె కలిపి చూపించాను. పది కలిపినా, వంద కలిపినా సమీకరణాలన్నీ అలాగే నిలిచాయి. అటు కొలతలు అటు, ఇటు కొలతలు ఇటు. రెంటినీ కలిపే కొలత ఒక్కటీ లేదు. లేని ఆ కొలతకు బదులు, ఇటువైపు చోట్ల సగటును సాఫ్ట్‌వేర్ సున్నా దగ్గర పెట్టింది. ఆ నాలుగడుగులు ఎవరూ కొలిచినవి కావు.

"తూములోంచి ట్యూబు పోనిచ్చి కొలవాల," అన్నాను. "ఈ కొస నువ్వు, ఆ కొస మీ తమ్ముడు."

అతడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "నువ్వు కూడా రా మామా," అన్నాడు.

వెళ్ళాను. ఇద్దరూ చెరొక మూతి దగ్గర కూర్చున్నారు. మధ్యలో కట్ట. ఒకరికొకరు కనిపించరు. "నీళ్ళు నిలిచినాయా అని అడుగు మామా," అని మావాడు నాతో అన్నాడు. నేను అడిగేలోపే తూములోంచి గొంతు వచ్చింది.

"అన్నా, ట్యూబులో గాలి ఉండాది. నీ కొస దించు."

ఇతను కదలలేదు. తరువాత మెల్లగా దించాడు. ఇతని కొసలో గాలిబుగ్గ ఒకటి పైకి తేలి చిట్లింది.

"పోయిందా?"

"పోయింది. ఇప్పుడు కొలువు."

అవతలి మూతి కంటే ఇటువైపు మూతి జానెడు ఎత్తు. ఆ ఒక్క కొలతా చేరిస్తే లెక్క చిక్కులేకుండా తేలింది. కింది వరసలకు నీళ్ళు పారతాయి. పైవరసలు తొట్టికి అడుగు పైనే మెరక.

"తొట్టి గోడ లేపితే?" అని నేను తూములోకి వంగి అడిగాను.

"పాత రాతికట్టు మామా, తట్టుకోదు. ఇప్పటికే కారతా ఉండాది," అని తమ్ముడి జవాబు.

పైవరసల్లోవే పాత చెట్లు. మావాడు ట్యూబు చుట్ట చుడుతూ, "నాయన నాటినవి," అన్నాడు.

కింది చెట్లు ఆ వేసవిలోనే మళ్ళీ చిగురు వేశాయి. పైవి వానలదాకా ఆగలేదు. ఎండినవాటిని కొట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. తమ్ముడు కట్ట దాటి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చెట్టు కింది వరసలకు వేసిన పైపు మీద పడకుండా పక్కకు లాగడానికి కట్టిన తాడును అన్న పట్టుకుని ఉంటే, వెనకగా వెళ్ళి అతనూ పట్టుకున్నాడు. "జరుగన్నా, పడతాది" అన్నంతవరకే ఆ రోజు వాళ్ళ మధ్య మాట.