అత్తగారు అడిగిన దారి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక చెల్లెలు నన్ను పక్కకి పిలిచి, వాళ్ల అమ్మగారికి డెబ్బై నిండబోతున్నాయనీ, భూస్థాపన ఖర్చులకి పాలసీ ఏదో తీసుకుందామనుకుంటున్నాననీ, దుబాయ్‌లో పదేళ్లు నర్సుగా చేసినదాన్ని కనక అందులో ఏమేం చూసుకోవాలో నాకు తెలిసే ఉంటుందనీ అడిగింది. తెలియకేం, తెలుసు. మొదటి ఏడాదిలోనే మనిషి పోతే ఏమిస్తారో చదవమన్నాను. బీపీ, షుగరు దాచిపెట్టి సంతకం చేయించే ఏజెంటుని గుమ్మంలోంచే పంపేయమన్నాను. డబ్బు ఎవరి చేతికి వస్తుందో పెద్దావిడ బతికుండగానే ఇంట్లో అందరికీ చెప్పమన్నాను. ఇవన్నీ చెప్పాక కూడా ఒకటి మిగిలిపోయింది. అది మా అత్తగారు నేర్పింది, చర్చి మెట్ల మీద నిలబడి తేల్చేసేది కాదు, అందుకే మన వయసు వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మనవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా దుబాయ్ అనే అంటారు కానీ, 2009లో నేను వెళ్లింది అబుదాబికి. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక పెద్ద విల్లాని గోడలు పెట్టి ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన దగ్గర్లోనే ముసఫాలో ఒక కంపెనీ స్టోర్సులో పనిచేసేవారు. మామగారు పోయిన రెండేళ్లకి అత్తగారిని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడకి చదువు లేదు, భయమూ లేదు. వచ్చిన నెలకే సందు చివర రొట్టెలు కాల్చే పఠాన్‌తో, అతనికి తెలుగు రాకపోయినా తనకి హిందీ రాకపోయినా, రొట్టె మాడిందని పోట్లాడి ఇంకోటి తెచ్చుకున్న మనిషి.

2014లో అక్కడి మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నట్టుండి పోయాడు. ఆయన్ని ఇంటికి పంపే కాగితాలు తెమిలేసరికి రోజులు పట్టి, ఆయన భార్య పడిన అవస్థ చూసి అందరికీ గుండె జారింది. ఆ భయంలోనే షార్జా రోలా నుంచి మనవైపు ఏజెంటు ఒకాయన, అరవైకి దగ్గర పడిన మనిషి, టై కట్టుకుని, అక్కడ సెలవు శుక్రవారం కనక మన ఆరాధనా ఆ రోజే, ప్రతి శుక్రవారం అది అయ్యాక ఒక్కొక్క ఇంటికీ రావడం మొదలుపెట్టాడు. మా ఇంటి వంతు వచ్చిన రోజు నేను బిర్యానీ వండాను. ఆయన తృప్తిగా తిని, ఆసుపత్రి నుంచి విమానం దాకా, విమానం నుంచి హైదరాబాదు దాకా, అక్కడి నుంచి అంబులెన్సులో మా ఇంటి గుమ్మం దాకా అంతా వాళ్లే చూసుకుంటారని ఎంతో వివరంగా చెప్పాడు. మా ఆయన అప్పటికే పెన్ను తీశారు. ఊళ్లో ఉన్న మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, అమ్మ సొంత మట్టిలోకి వస్తుందని ఫోనులో సంబరపడుతున్నారు. అప్పుడు మా అత్తగారు, అంతసేపూ ఉల్లిపాయలు వలుస్తున్న మనిషి, తల ఎత్తారు.

“గుమ్మం దాకా తెత్తారు, సరే బాబూ. గుమ్మం కాణ్ణించి సమాధుల దొడ్డికి దారెవరిత్తారు? అది మీ కాయితంలో ఉందా?”

ఏజెంటు నవ్వి, ఊళ్లోకి వచ్చాక మీవాళ్లే చూసుకుంటారు కదమ్మా అన్నాడు. ఆయనకి తెలియదు. నాకు తెలుసు. మా పేట సమాధుల దొడ్డి పొలాలకి అవతల ఉండేది, దానికి దారి లేదు. నేను కాపరానికి వెళ్లిన మొదటి వానాకాలంలోనే మా అత్తగారి అత్తగారు పోయారు. మగవాళ్లు పెట్టెని తలల మీద పెట్టుకుని, గుండెలోతు నీళ్లున్న బోదె కాలవలో దిగి నడిచారు. గట్టు మీద నడవచ్చు, కానీ గట్టు ఆసామిది. ఆయన పేటవాళ్లెవరూ గట్టెక్కకుండా, గొడుగు వేసుకుని, చివరిదాకా అక్కడే నిలబడ్డాడు. ఒకచోట మా మామగారి కాలు జారి పెట్టె నీళ్లలో తేలింది. ఆడవాళ్లం ఒడ్డున నిలబడి కీర్తన పాడుతూనే ఉన్నాం.

తరవాత మామగారూ అదే బోదెలోంచి వెళ్లారు. ఆ తరవాత వరిచేలన్నీ చేపల చెరువులయ్యాయి, చెరువు గట్టు ఏడాదికింత జరుగుతూ వచ్చి ఆయన సమాధి నీళ్లలోకి పోయింది. మా బావగారు ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని కొన్నాళ్లు తిరిగి, చివరికి నోరు మూసుకున్నారు. ఆ చెరువు మీదే కాపలా పని చేసుకుని బతకాలి మరి.

అబుదాబిలోనే పూడిస్తే ఏమిస్తారని అత్తగారు ఏజెంటుని అడిగారు. ఏజెంటు కాగితాలన్నీ తిప్పి, ఈ పాలసీ ఇంటికి పంపడానికేననీ, ఇక్కడే పూడిస్తే ఏమీ రాదనీ ఒప్పుకున్నాడు.

“అయితే మాకొద్దు. నన్నిక్కడే పెట్టండి. ఇక్కడ దారుంది, నేను సూసొచ్చాను.”

నిజంగానే చూసి వచ్చారు. మా వార్డులో పనిచేసే మలయాళీ నర్సు తల్లి పోతే నాతో భూస్థాపనకి వచ్చి, బండి గేటు దాకా వెళ్లడం, మీరు ఏ పేటవాళ్లు అని ఎవరూ అడక్కపోవడం గమనించారు. నేను మాత్రం ఆ క్షణాన మా ఆయన పక్షమే. కోడలు పిసినారితనానికి అత్తని ఇసుకలో పెట్టిందంటారని నా భయం. కానీ ఆవిడ నావైపు చూసిన చూపుకి, ఒడ్డున నిలబడ్డ నా పద్దెనిమిదేళ్ల వయసు గుర్తొచ్చింది. ఫారం మడిచి ఏజెంటు చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లమని బిర్యానీ కూడా కట్టిచ్చాను. మా ఆయన నాతో వారం మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ అనుకున్నాను. అత్తగారు మాత్రం పాస్టరుగారి చేత తన కోరిక కాగితం మీద రాయించి వేలిముద్ర వేశారు.

ఆవిడ 2017లో, మా ఆసుపత్రిలోనే, నా చేతుల్లోనే ప్రభువులో నిద్రించారు. అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. అమ్మని పంపకపోతే నువ్వు నా తమ్ముడివే కాదని బావగారు ఫోను చేశారు. కాగితాలు రాయించే కౌంటరు ముందు మా ఆయన చెమటలు కక్కుతూ, పంపుదాం అనేశారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. పంపుదాం, కానీ ముందు మీ అన్నగారిని ఒక్క మాట అడగండి, దారి ఉందా అని, అన్నాను. ఆయన అడిగారు. బావగారు చెప్పింది ఫోనులోంచి నాకూ వినిపించింది.

“లేదురా తమ్ముడూ. అమ్మనక్కడే ఉంచండి.”

మర్నాడు పొద్దున్నే, ఊరికి దూరంగా ఇసుకలో ప్రహరీ కట్టిన సమాధుల దొడ్డికి వెళ్లాం. పెట్టె మోసినవాళ్లలో మావాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు మా వార్డు మలయాళీలు, ఒక ఫిలిప్పినో, మా ఆయన కంపెనీ డ్రైవరు. బండి దిగగానే మా ఆయన వంగి ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నారు. కింద ఎండిన తారురోడ్డు. అందరూ చూస్తుంటే ఆయన ఆ రోడ్డు మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

2019లో మేం అన్నీ ఖలాస్ చేసుకుని వచ్చేశాం. మన కాలంలో చచ్చిన మనిషిని బోదె దాటించడమే పెద్ద పని, ఇప్పుడు విమానాలు దాటించడానికి కూడా పాలసీలున్నాయి. మా ఊళ్లో కూడా ఇప్పుడు ఆ గట్టు మీద సిమెంటు రోడ్డు పడిందట, చేపల లారీల కోసం. సమాధుల పండుగ వచ్చినప్పుడల్లా చుట్టాలు నన్ను దెప్పుతారు, అంత దూరాన పెట్టేశారే, ఆవిడకి కొవ్వొత్తి ఎవరు వెలిగిస్తారని. ఎవరూ వెలిగించరు. నాకూ ఆ రోజు అన్నం సహించదు. అయినా ఆవిడ మళ్లీ అడిగితే మళ్లీ అక్కడే పెడతాను, ఎందుకంటే మా ఇంటి మూడు తరాల్లో తడవకుండా వెళ్లింది ఆవిడ ఒక్కతే.