టీకా వచ్చిందని నేను రాసిన వారం

మదనపల్లె ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసిన ల్యాబ్ టెక్నీషియన్ గారు పోయిన సోమవారం కుప్పంలో, తమ్ముడి ఇంట్లో చనిపోయారు. కబురు ఫోన్లో తెలిసింది. చావు వార్తలు రాయడం నాకు కొత్త కాదు. ఇది మాత్రం మూడుసార్లు మొదలుపెట్టి వదిలేశాను.

ఆయన పేరు రాయడం లేదు. ఫలితం చీటీని పేరు కనబడకుండా మడిచి ఇవ్వడం ఆయన అలవాటు.

ఇరవయ్యేళ్ల కిందటి మాట. హెచ్‌ఐవీకి ఉచిత మందులు కొత్తగా అందుతున్న రోజులు. టీకా మీద పరీక్షలు మొదలయ్యాయని తెలిసి, ‘ఎయిడ్స్‌కు టీకా వచ్చేసింది’ అని మా పత్రికలో రాశాను. మూడో వారంలో ఆయన ఆ పేపరు పట్టుకొని మా ఆఫీసుకు వచ్చారు.

“యాడుందప్పా ఆ టీకా? జేబులో పెట్టుకోనుండావా?”

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. నా నోటుబుక్కు లాక్కొని ఒక సున్నా గీశారు. అది సహాయక టీ కణమట. రోగం జొరబడితే ఒంట్లోని మిగతా కణాలను లేపేది అదే.

“ఊర్లో దండోరా వేసేవాడు అనుకో. ఈ వైరస్ వాడినే పట్టుకుంటాది. టీకా పని చెయ్యాలన్నా వాడే లేసి అందరికీ సెప్పల్ల. అందుకే అంత కష్టం. సగం తెలిస్తే సగమే రాయప్పా.”

సవరణ వేస్తామన్నాను.

“సవరణ కాదు, పుంగనూరికి రా. ఒకామె మాత్రలు మానేసింది. టీకా వస్తాంటే ఇయ్యి మింగేది యాల అంటాది. నేను సెప్తే నమ్మలే. రాసినోడినే పిల్చుకొని రా అనింది.”

బస్సులో ఆయన కూర్చోలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకొని, డ్రైవర్ వెనకే నిలబడ్డారు.

ఆమె కుట్టుమిషన్ ముందు ఉంది. పక్కన ఐదారేళ్ల కూతురు గుడ్డముక్కలతో ఆడుకుంటోంది.

“పేపర్లో అబద్ధం రాస్తారా సార్?” అంది.

“తప్పు రాశానమ్మా. టీకా రాలేదు. పరీక్షలే జరుగుతున్నాయి.”

“ఎప్పుడొస్తాది?”

ఆయనే చెప్పారు: “ఎప్పుడో తెలీదమ్మా. వచ్చినా అది రోగం రానోళ్లకి. నీకు ఈ మాత్రలే. మానితే ఆ కణాలు తగ్గిపోతాయి, సూడు, జ్వరం అప్పుడే మొదలాయె.”

ఆమె కూతురి వైపు చూసింది. “నా బిడ్డకన్నా వస్తాదా?”

“వచ్చిన రోజు నేనే వచ్చి సెప్తా. అంతవరకూ మింగల్ల.”

ఆమె మళ్లీ మందులు మొదలుపెట్టిందని తర్వాత ఒక్కసారి చెప్పారు. కణాల లెక్క ఎంతని అడిగితే, “నీకు యాల?” అన్నారు. టీకా ఇప్పటికీ రాలేదు. వస్తే ఆమెకు ఎవరు చెబుతారో నాకు తెలియదు. ఆ ఇల్లు తెలిసినవాళ్లలో ఇక నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ రోజు కణాల లెక్క కోసం ఆయన ఆమె మోచేతి పైన రబ్బరుపట్టీ బిగించి, నరం కోసం వేలితో తడిమారు. సూది దిగినప్పుడు ఆమె చేతిని చూసుకోలేదు. గొట్టంలోకి రక్తం నిండేదాకా రెప్ప వేయకుండా నన్నే చూస్తూ ఉంది.