మైనం ఎందుకు కరుగుతుందో నేర్పిన మేడం

మా కెమిస్ట్రీ మేడం నాగర్‌కర్నూల్ దవాఖానలో కన్నుమూశారని ఫోన్ వచ్చేసరికి నేను అమరచింతలో పాఠం చెబుతున్నాను. బోర్డు మీద నీటి అణువు సగమే గీశాను. పిల్లలకు సంగతి చెప్పి, మేడం ఊరు అచ్చంపేటకు బస్సెక్కాను.

నల్లమలలోని మా గూడెం నుంచి అచ్చంపేట కాలేజీలో ఇంటర్ చేరడానికి వెళ్లిన రోజు గుమస్తా, "నీకు సైన్సెందుకు పిల్లా, ఆర్ట్స్ తీస్కో" అన్నాడు. పక్కనే రిజిస్టర్‌లో సంతకం పెడుతున్న మేడం తలెత్తలేదు. "ఎందుకో ఆమెకు తెలుసు. మీరు ఫారం ఇయ్యుండ్రి" అన్నారు.

మా ల్యాబులో సీసాలకన్నా దుమ్మే ఎక్కువ. మేడం ఇంటి నుంచి ఉప్పు, చక్కెర, కొవ్వొత్తి, బ్యాటరీ, చిన్న బల్బు తెచ్చేవారు. తీగలు ఉప్పునీళ్లలో ముంచితే బల్బు వెలిగింది, చక్కెర నీళ్లలో ముంచితే వెలగలేదు. "పుస్తకంల ఉన్నదని కాదు, కండ్లతోని చూసిండ్రు గద, అది నమ్ముండ్రి" అనేవారు.

మైనం కరిగితే దాని అణువుల్లోని బంధాలు తెగుతాయని రాశానోసారి. ఎర్ర పెన్నుతో కొట్టేశారు. "అణువు లోపలి బంధం తెగలే బిడ్డా. అణువుకు అణువుకు నడుమ లాగుడే తక్కువ. అందుకే జర వేడికే కరుగుతది. చల్లారినంక చూడు, అదే మైనం."

ప్రాక్టికల్ పరీక్షకు వేరే ఊరి నుంచి వచ్చిన సారు సరిగ్గా అదే అడిగారు.

"అణువు లోపల గట్టిగనే పట్టుకుంటయి సార్. ఒకదానికొకదానికి నడుమనే పట్టు తక్కువ" అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. "ఇదేం భాష?"

మేడం కుర్చీలోంచి లేచారు.

"జవాబు తప్పా సార్?"

"తప్పని కాదు గానీ..."

"తప్పయితే సున్నా ఏయుండ్రి. ఒప్పయితే మార్కులేయుండ్రి. నవ్వుడెందుకు?"

ఆయన మార్కులు వేశారు. బయటికొచ్చి ఏడుస్తుంటే మేడం నా మీదే కోప్పడ్డారు. "ఏడ్వకు. పుస్తకం మాట గూడ నేర్చుకో. రెండూ వచ్చినంక నిన్ను ఆపేటోడెవడు?"

నేర్చుకున్నాను. ఎవరూ ఆపలేకపోయారు.

మేడం పెళ్లి చేసుకోలేదు. పాడె ఎత్తబోతుంటే, ఆమె దగ్గర చదివిన మేం నలుగురం ముందుకొచ్చాం. ఒక పెద్దమనిషి అడ్డం నిలబడ్డాడు.

"ఆడోళ్లు పక్కకు జరుగుండ్రి."

"ఎందుకు?" అన్నాను.

"రివాజు."

"ఎందుకో చెప్పుండ్రి, జరుగుతం."

మేడం తమ్ముడు కళ్లు తుడుచుకుని, "మా అక్క ఉంటే గిట్లనే అడుగుతుండె. ఎత్తుండ్రమ్మా" అన్నాడు.

ఎత్తాం. బజారులో ఆటోలు ఆగిపోయాయి. దుకాణాల్లోని ఆడవాళ్లు మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చారు. మధ్యాహ్నపు ఎండకు కాలిన తారు మీద, చెప్పుల్లేని మా ఎనిమిది పాదాలు ఆగకుండా నడిచాయి.