అల్లుని ముందర చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా బంధువుల్లో అందరికంటే కలిగినవాడు కడపలో ఉండేవాడు. ఆయనకు తిరుపతి కొండ మీద ఇంకా పెద్ద ఇల్లు ఉందని, అక్కడ ఆయన్ను చూడాలంటే వరసలో నిలబడి కాళ్ళు పీక్కుపోతాయని, కడపలో అయితే ఆ బాధ లేదని మా దాదీ చెప్పేది. దాదీ అంటే మా నాన్నకు అమ్మ. మేము వేంపల్లెలో ఉండే ముసల్మానులం. ఆ బంధువు దేవుని కడప వేంకటేశ్వరస్వామి.

వరస ఎట్లా కలిసిందంటే, స్వామి బీబీ నాంచారమ్మ అనే ముసల్మానుల పిల్లను చేసుకున్నాడు. ఆమె ఏ సుల్తాను కూతురు, ఎప్పటి మనిషి అనేవి మా దాదీకి పట్టని సంగతులు. మా పిల్లను చేసుకున్నాడు కాబట్టి మా అల్లుడు, అంతే. కడప చుట్టుపక్కల మావాళ్ళు ఇప్పటికీ ఉగాది పొద్దున్నే బెల్లం, చింతపండు, టెంకాయ పట్టుకుని ఆ గుడికి పోతారు. పుట్టింటివాళ్ళు పండుగపూట ఆడబిడ్డను చూసిరావడం ఏ మతంలో తప్పు? నాంచారమ్మ నాకు మేనత్త కాబట్టి స్వామి మామ అవుతాడు. ఈ సంగతి నేను బడిలో కొంచెం గట్టిగానే చెప్పుకునేదాన్ని.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు ఆ బంధుత్వంతో నాకు నిజంగానే అవసరం పడింది. నాకు లెక్కలు రావు. భాగహారం కనబడితే దయ్యం కనబడినట్టు ఉండేది. మా నాన్నకు బట్టలు కుట్టే అంగడి. అరసంవత్సరం పరీక్షలో నా మార్కులు చూసి ఆయన అరవలేదు, కొట్టలేదు. "పెద్దపరీక్షలో గూడా లెక్కలు తప్పితే ఇంక బడి చాలు. అంగట్లో కూర్చోని కాజాలు కుట్టుకో" అన్నాడు. అరిచినా బాగుండేది. కాజాలు కుట్టడం తక్కువ పని ఏమీ కాదు. కానీ నా జతవాళ్ళంతా పెద్దబడికి పోతుంటే, నేను అంగడి గుమ్మంలో సూది పట్టుకుని వాళ్ళను చూస్తూ కూర్చోవడం తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

పెద్దపరీక్షకు ముందే ఉగాది వచ్చింది. దాదీ ఏటా నన్ను వెంటబెట్టుకుని పోయేది కాబట్టి, ఈసారి మామనే అడిగేద్దామని తీర్మానించుకున్నాను. పక్కింటి అక్కకు చెప్పాను. వాళ్ళది శెట్ల ఇల్లు, కిరాణా అంగడి. అక్క పది చదివి పెళ్ళి కోసం ఎదురుచూస్తూ గల్లా దగ్గర కూర్చునేది. "నీకేంమే! మేమైతే మొక్కుకోవల్ల, గుండు కొట్టించుకోవల్ల. నీకు వరస ఉండాది, ఊరికే అడగొచ్చు" అని ఒప్పుకుంది. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, చెవిలో, "నా మాట గూడా చెప్పు. వచ్చే మొగుడు పొట్టోడు కాకుండా చూడమను" అంది.

ఉగాది పొద్దున మొదటి బస్సు ఎక్కాము. దాదీ ఒళ్ళో బుట్ట, బుట్ట మీద తెల్లటి గుడ్డ. కండక్టరు కొత్తవాడు.

"యాడికి పోతాండావవ్వా?"

"అల్లుని ఇంటికి, కడపకు."

"అల్లుడు ఏం పని చేస్తాడు?"

"ఏం పని చేస్తాడు నాయనా, పొద్దస్తమానం నిలబడే ఉంటాడు. వచ్చేవాళ్ళు వస్తాంటారు, ఇచ్చేవాళ్ళు ఇస్తాంటారు."

కండక్టరు కొంచెంసేపు ఆలోచించి, "చెక్‌పోస్టులోనా?" అన్నాడు. దాదీ బుట్ట సర్దుకుని కిటికీలోంచి బయటికి చూసింది. బస్సు దిగేదాకా నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

గుడికి నడుస్తుండగా దాదీ ఏటా చెప్పే కథే మళ్ళీ మొదలుపెట్టింది. పూర్వం ఉత్తరాది నుంచి తిరుమలకు కాలినడకన పోయేవాళ్ళు ముందు ఇక్కడ దర్శనం చేసుకునే కదిలేవాళ్ళట. కొండకు ఇది గడప, ఆ గడపే కడప అయిందట. "గడప తొక్కకుండా లోపలికి యాడ పోతారు?" అంది. ఇదే అదును అనుకుని నా మనసులోది బయటపెట్టాను. లెక్కల సంగతి, పక్కింటి అక్క మొగుడి సంగతి, రెండూ.

దాదీ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. బుట్ట చంకకు మార్చుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"సిగ్గు లేదామే నీకు? పిల్లనిచ్చిన ఇంటికి పోయి చెయ్యి చాపుతావా? మనం పెట్టల్ల గానీ అడగగూడదు. ఇంతమంది అడిగేదానికి వస్తాంటే, ఆయప్పకు పెట్టేదానికి వచ్చేది మనమే. నోరు మూసుకోని రా. ఎట్లుండారని అడిగితే బాగుండాం అను. అంతే."

నాకు ఏడుపొచ్చింది. లోకంలో అందరూ అడగొచ్చు, సొంత మేనకోడలు మాత్రం అడగకూడదు! ఇదేం వరస? ఇంతకంటే ఏమీ కాకుండా ఉంటేనే లాభం కదా అనిపించింది.

లోపల మావాళ్ళు చాలామందే ఉన్నారు. మా వంతు రాగానే దాదీ బుట్ట పూజారికి అందించి, కొంగు నెత్తిన సర్దుకుని, స్వామితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఏం నాయనా, బాగుండావా? మా నాంచారి బాగుండాదా? చింతపండు కొత్తది, పులుసుకు బాగుంటాది." నేను పక్కన పెదవులు బిగించుకుని నిలబడ్డాను. పూజారి పెద్దాయనకు దాదీ ఏళ్ళ తరబడి తెలుసు. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, "ఏం పాపా, పరీక్షలు వస్తున్నాయి కదా. లెక్కలు బాగా వస్తాయా? స్వామిని అడుగు, ఇస్తాడు" అన్నాడు.

దేవుడే ఆయన నోట అడిగించాడనుకుని నేను నోరు తెరిచాను. దాదీ నా జబ్బ మీద గిల్లింది.

"అడిగే పని లే స్వామీ" అంది గుడంతా వినబడేట్టు. "మా పిల్లకు లెక్కలంటే పానం. తరగతిలో దీన్ని మించినోళ్ళు లేరు."

నేను కొయ్యబారిపోయాను. పూజారి "భేష్" అని నా చేతిలో ఒక అరటిపండు ఎక్కువ పెట్టాడు.

బయటికి రాగానే దాదీ మీద ఎగబడ్డాను. దేవుని ముందర అంత అబద్ధం ఎట్లా చెప్పావని అడిగాను. దాదీ తాపీగా మెట్టు మీద కూర్చుని తన పండు ఒలుచుకుంది.

"అబద్ధం యాడిది? పరీక్ష ఇంకా కాలేదు గదా. అయ్యేంతవరకు అది మాట. దాన్ని నిజం చేస్తావో అబద్ధం చేస్తావో నీ ఇష్టం." పండు తినడం అయ్యాక, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ అంది. "కాకుంటే ఒకటి. నువ్వు తప్పినావంటే మనకేం, వేంపల్లెలో ఉంటాం. ఆ ఇంట్లో ఉండేది నాంచారి. 'మీ పుట్టింటోళ్ళు గొప్పలు చెప్పుకోని పాయిరే' అని ఆయప్ప అంటే పడల్సింది ఆ పిల్ల."

ఇంటికి వచ్చినా నాకు అదే ధ్యాస. కళ్ళు మూసుకుంటే పరాయింట్లో తలవంచుకుని నిలబడిన మేనత్త కనబడేది. నా కోసమైతే నేను అంత కష్టపడేదాన్ని కాను, కాజాలు కుట్టుకుంటూ ఏడ్చి ఊరుకునేదాన్ని. మర్నాడే పలక పట్టుకుని పక్కింటి అక్క గల్లా దగ్గర కూర్చున్నాను. తన మొగుడి సంగతి చెప్పలేదని అక్క రెండు మొట్టికాయలు వేసింది, ఆ తర్వాత భాగహారం చెప్పింది. పరీక్షదాకా ఆ అంగట్లో నేను తిన్న తిట్లు, పప్పుబెల్లాలు సరిసమానం.

తరగతిలో మొదటిదాన్ని ఏమీ కాలేదు. గట్టున పడ్డాను, అంతే. మా నాన్న మార్కుల కాగితం తిప్పి తిప్పి చూసి, పెద్దబడికి పోయేదానికి నాకు కొత్త లంగా కుట్టాడు. పక్కింటి అక్కకు మాత్రం పొట్టి మొగుడే వచ్చాడు. నేను అడగకపోవడం వల్లే అని ఆమె నన్ను చాలాకాలం సాధించింది, బావ మాత్రం బంగారం లాంటి మనిషి.

మరుసటి ఉగాదికి మామ ముందర తలెత్తుకుని నిలబడ్డాను. మాట నిలబెట్టానని పొంగిపోతుండగానే దాదీ మొదలుపెట్టింది. "లెక్కలు అయిపాయ స్వామీ. ఇప్పుడు ఇంగ్లీషు దంచేస్తాంది." అప్పటికి నాకు ఇంగ్లీషులో నా పేరు తప్ప ఏమీ రాదు. ఇట్లా ఏటా ఆమె ఒక గొప్ప చెప్పేది, ఆ ఏడంతా నేను దాని వెంట పరిగెత్తేదాన్ని. నేను టీచరును అయ్యానంటే అది కూడా ఆమె ముందుగా అక్కడ చెప్పి వచ్చిన మాటే.

చివరి ఏడు దాదీ మంచం పట్టింది. బుట్ట సర్ది నన్ను ఒక్కదాన్నే పంపింది. పూజారి "మీ దాదీ ఎట్లుంది?" అంటే నా నోటికి అలవాటైన మాటే వచ్చింది, "బాగుండాది స్వామీ." దారి పొడుగునా బస్సులో ఏడుస్తూనే వచ్చాను. ఇంటికి రాగానే దాదీ, "ఏం చెప్పొస్తివి?" అని అడిగింది. బాగున్నావని చెప్పాను అన్నాను. దాదీ పళ్ళులేని నోటితో నవ్వింది. "నా మీదికే తెచ్చినావా?" అని గోడ పట్టుకుని లేచి కూర్చుంది. వారం రోజులుగా ముట్టని గంజి తెమ్మని, గిన్నె ఖాళీ చేసింది. "చెప్పినాక ఏం చేస్తాం, బాగుండల్ల గదా" అంది. ఆ ఎండాకాలమంతా బాగుంది. వానలు పడ్డాక పోయింది.

ఇప్పుడు నాకు ఆ వయసు వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు, పిల్లలు చెప్పారు, ఎవరు చెప్పినా నేను వినలేదు. మొన్న ఉగాదికి మనవరాలి భుజం పట్టుకుని గుడికి పోయాను. పూజారి పిన్నవాడు, ఆ పెద్దాయన మనవడు. "మోకాళ్ళు నొప్పులా అమ్మా? స్వామిని అడగండి" అన్నాడు. నొప్పులా, ఎవరికి, నేను రోజూ పొద్దున్నే ఊరి చివరిదాకా నడుస్తాను అని గుడంతా వినబడేట్టు చెప్పాను. మనవరాలు నోరు వెళ్ళబెట్టింది.

మర్నాటి నుంచి నడుస్తున్నాను. ఏం చేయను, ఆ ఇంట్లో మా పిల్ల ఉంది.